ఎడారి నేర్పే తొలి పాఠం

మానవుడు గమ్యాన్ని ప్రేమించినంతగా మార్గాన్ని ప్రేమించడు. గమ్యంలో కీర్తి ఉన్నది. మార్గంలో శ్రమ ఉన్నది. శ్రమ లేకుండా కీర్తి లభించే ఉపాయం ఉంటే దానిని ఆశ్రయించని వారు అరుదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడొసగిన పాదలేపం మహిమతో అనతికాలంలోనే హిమాలయాన్ని చేరుకున్నాడు. మంచుకు ఆ లేపం కరిగిపోయిన తరువాత ఇల్లు చేరే దారి తెలియక దిక్కుతోచక నిలిచిపోయాడు. అతని పాదాలు హిమాలయాన్ని తాకాయి గాని, ఆ దూరాన్ని ఎరుగవు. నడిచి వెళ్లిన వానికి దారి తెలుస్తుంది. దారి తెలిసిన వానికే తిరిగి రావడం తెలుస్తుంది. ఆ కథలో ఉన్న ఈ లోకజ్ఞానం నేటి కాలానికి మరింతగా వర్తిస్తుంది.

నేటి మనిషికి విమానాలూ వాహనాలూ పాదలేపాలే. అయినప్పటికీ, వాటిని కావాలని విడిచిపెట్టి వేల కిలోమీటర్లు కాలినడకన వెళ్లే వారు ప్రపంచంలో ఇంకా ఉన్నారు. అట్టి వారిని ఆకర్షించే మార్గాలలో ప్రసిద్ధమైనది అమెరికాలోని పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్. మెక్సికో సరిహద్దు సమీపాన కాంపో అనే చిన్న ఊరి వద్ద ప్రారంభమై, కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల పర్వత శ్రేణుల మీదుగా కెనడా సరిహద్దు వరకు సాగే ఈ కాలిబాట పొడవు 2,650 మైళ్లు. అనగా సుమారు 4,265 కిలోమీటర్లు. దీనిని ఒకే ప్రయాణంలో పూర్తి చేయడానికి సాధారణంగా ఐదు నెలలు పడుతుంది.

ఈ మార్గం ఒక్కనాడు ఏర్పడినది కాదు. 1926లో కేథరిన్ మాంట్‌గోమరీ అనే ఉపాధ్యాయిని ఇటువంటి కాలిబాట ఉండాలని సూచించింది. 1932లో క్లింటన్ క్లార్క్ ఆ ఊహకు రూపకల్పన చేసి ప్రచారం చేశాడు. 1935 నుండి 1938 వరకు ప్రతి వేసవిలోనూ యువకులు బృందాలుగా విడిపోయి, ఒకరి తరువాత ఒకరుగా నడిచి, మార్గాన్ని పరిశీలించారు. 1968లో చేసిన జాతీయ కాలిబాటల చట్టం దీనికి అధికారిక గుర్తింపు నిచ్చింది. ఆ తరువాత పావు శతాబ్దానికి, 1993లో, ఈ బాట సంపూర్ణమైనట్లు ప్రకటించారు. బాటను వేసిన వారే ఇన్ని సంవత్సరాలు ఓపిక పట్టారు. ఆ బాటపై నడిచే వారు మాత్రం తొలి దినాననే తొందరపడుతున్నారు. ఆలోచించవలసిన విషయం ఇదే.

దక్షిణం నుండి ఉత్తరానికి వెళ్లదలచిన వారు మార్చి, ఏప్రిల్, మే నెలలలో బయలుదేరుతారు. అంతకు ముందే బయలుదేరితే మార్గమధ్యంలోని సియెర్రా నెవాడా పర్వతాలలో మంచు కరగదు. ఆలస్యమైతే మార్గాంతంలోని వాషింగ్టన్ పర్వతాలలో కొత్త మంచు మొదలవుతుంది. ఈ రెండు మంచులకు నడుమ కాలాన్ని సర్దుకోవలసిన కారణంగా, ఏ అనుభవమూ లేని కొత్త పాదచారి మొట్టమొదట ఎదుర్కొనేది ఎండనూ ఎడారినీ. శరీరం గట్టిపడక ముందు, బూట్లు పాదాలకు ఒదగక ముందు, వీపుమీది బరువు అలవాటు కాక ముందు, నీరు దొరకని నేల అతనికి ఎదురవుతుంది. పాఠశాలలో మొదటి తరగతిలోనే కఠినమైన పరీక్ష పెట్టినట్లుంటుంది. కనుక ఈ దీర్ఘయాత్రలో తొలి దినాలను దూరాన్ని జయించడానికి గాక, నేలను తెలుసుకోవడానికి వినియోగించాలి. అలా చేయని వారు యాత్రనే గాక, కొన్ని సందర్భాలలో ప్రాణాన్ని సైతం పణంగా పెట్టవలసి వస్తుంది.

మొదటి దినపు నడకనే గమనిద్దాం. కాంపో నుండి లేక్ మొరీనా వరకు దూరం సుమారు 32 కిలోమీటర్లు. అది ఇసుక తిన్నెల ఎడారి కాదు. పొదలతో నిండిన మెట్టభూమి. ఆ పొదలు మనిషి నడుము వరకో భుజాల వరకో పెరుగుతాయి గాని తలకు నీడనివ్వవు. కొంత దూరం వరకు బాట సులభంగానే తోస్తుంది. తరువాత హాసర్ లోయలోకి దిగుతుంది. ఆ లోయలోని వాగు వసంతంలోనే ఎండిపోవడం తరచుగా జరుగుతుంది. అక్కడి నుండి సుమారు 300 మీటర్ల ఎత్తు ఎక్కితే గాని లేక్ మొరీనా రాదు. ఒకే దినంలో అక్కడికి చేరాలని సంకల్పించిన వారు ఆ లోయకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటుతుంది. పాదాలు అలసి, సంచిలో నీరు అడుగంటి, ఎండ మండిపోతున్న వేళ వారు కొండ ఎక్కవలసి వస్తుంది. ఆపద ఇక్కడే పొంచి ఉంటుంది. అదే కొండను తెల్లవారుజామున ఎక్కితే అది సామాన్యమైన కొండ మాత్రమే. అనగా ప్రమాదం కొండలో లేదు, వేళలో ఉన్నది.

తెలుగులో రెండు లోకోక్తులున్నాయి. ‘ఆలస్యం అమృతం విషం’ అన్నది ఒకటి. ‘నిదానమే ప్రధానం’ అన్నది మరొకటి. పైకి ఇవి పరస్పర విరుద్ధాలుగా తోస్తాయి. ఎడారిలో మాత్రం రెండూ ఏకకాలంలో సత్యాలవుతాయి. నిద్ర లేవడంలో ఆలస్యం పనికిరాదు. నడవడంలో తొందర పనికిరాదు. సూర్యోదయానికి ముందే బయలుదేరి, ఎండ ముదరగానే దొరికిన నీడలో విశ్రమించి, సాయం సమయాన మళ్లీ నడిచేవారు క్షేమంగా ముందుకు సాగుతారు. ఎడారిలోని జంతువులు అనాదిగా పాటిస్తున్న దినచర్య ఇదే.

ఇది కేవలం పెద్దల మాట కాదు. శరీరశాస్త్రం నిరూపించిన విషయం. తీవ్రమైన ఎండలో శ్రమించే మనిషి గంటకు ఒక లీటరు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, చెమటగా కోల్పోతాడు. అయితే శరీరానికి నేర్చుకునే శక్తి ఉన్నది. ఒకటి రెండు వారాలపాటు క్రమక్రమంగా వేడిమిలో శ్రమిస్తే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. చెమట త్వరగా పట్టి శరీరాన్ని చల్లబరుస్తుంది. చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. గుండె మీద భారం తేలికపడుతుంది. ఈ మార్పులు సంకల్పబలం చేత రావు. కాలం చేత మాత్రమే వస్తాయి. ఎంతటి ధైర్యశాలి అయినా మొదటి దినాన అతని శరీరం ఎండకు కొత్తదే. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఎండలో నడుస్తున్నప్పుడు ఉప్పు లేకుండా ఉత్త నీటినే అధికంగా తాగితే రక్తంలో సోడియం తగ్గి తలనొప్పి, మతిభ్రమ, మూర్ఛ వంటివి కలుగుతాయి. నీరే ప్రాణాధారం; అయినా నీటిని గురించిన జ్ఞానం లేనిచోట నీరు సైతం కాపాడలేదు.

తెలుగు పాఠకులకు ఈ హెచ్చరిక దూరదేశపు విషయంగా తోచనవసరం లేదు. 2015 వేసవిలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వేయి మందికి పైగా మరణించారు. వారిలో అనేకులు పొట్టకూటి కోసం ఎండలో పనిచేయక తప్పని కూలీలు, వృద్ధులు. వారికి నీడన కూర్చునే స్వేచ్ఛ లేదు. పాదయాత్రికునికి ఆ స్వేచ్ఛ ఉన్నది. చేతిలో ఉన్న నీడను కాదని పంతానికి ఎండలో నడవడం సాహసం అనిపించుకోదు; అది భాగ్యాన్ని ఎరుగకపోవడమే అవుతుంది.

తొలి దినాలు బోధించే రెండవ విషయం బరువును గురించినది. ఇంటివద్ద సంచి సర్దుకునేటప్పుడు ప్రతి వస్తువూ అవసరమనే తోస్తుంది. ఒక్కొక్క వస్తువు ఒక్కొక్క భయానికి ప్రతినిధి. చలి అన్న భయం ఒక ఉన్ని దుస్తుగా, ఆకలి అన్న భయం నాలుగు పొట్లాలుగా, ఒంటరితనమన్న భయం రెండు పుస్తకాలుగా సంచిలో చేరుతుంది. అమెరికన్ రచయిత్రి షెరిల్ స్ట్రేడ్ 1995లో, తన 26వ ఏట, ఈ బాటపై ఒంటరిగా నడవడానికి మొహావీ ఎడారి ప్రాంతం నుండి బయలుదేరింది. ఆమె సంచి ఎంత బరువైనదంటే, బయలుదేరే దినాన దానిని నేలమీది నుండి ఎత్తడమే ఆమెకు అసాధ్యమైంది. స్టవ్వుకు సరిపడని ఇంధనం తెచ్చుకున్నందువల్ల వేడి భోజనం వండుకోలేకపోయింది. బిగుతైన బూట్లు కాలిగోళ్లను ఊడగొట్టాయి. అయినప్పటికీ ఆమె 1,100 మైళ్లకు పైగా నడిచింది. ఆ అనుభవాలను 2012లో ‘వైల్డ్’ అనే గ్రంథంగా ప్రకటించింది.

ఈ గ్రంథాన్ని చదివిన కొందరు సిద్ధపాటు లేకున్నా సంకల్పం ఉంటే చాలునని భావించారు. అది సరియైన పఠనం కాదు. ఆ రచయిత్రి తన పొరపాట్లను దాచుకోకుండా చెప్పినది వాటిని అనుకరించమని కాదు. గ్రంథం రాయగలిగినది క్షేమంగా తిరిగి వచ్చిన వారు మాత్రమే అన్న సత్యాన్ని పాఠకులు మరువరాదు. ఇదే బాటను గురించి రే జార్డైన్ అనే ఇంజనీరు 1992లో ఒక మార్గదర్శక గ్రంథం రచించి, బరువు తగ్గించుకుంటే శ్రమా, గాయాలూ తగ్గుతాయని ప్రబోధించాడు. ఆనాడు వింతగా తోచిన ఆ మాట నేడు దీర్ఘ పాదయాత్రికులలో అధిక సంఖ్యాకులకు శిరోధార్యమైంది.

ఆ మాటలోని నిజం మౌంట్ లగూనా చేరేసరికి ప్రత్యక్షమవుతుంది. కాంపో నుండి సుమారు 68 కిలోమీటర్ల దూరంలో, 1,800 మీటర్ల ఎత్తున ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చేసరికి కొత్త పాదచారి పాదాలకు బొబ్బలు, భుజాలకు ఒరిపిళ్లు ఏర్పడి ఉంటాయి. అక్కడ అతడు సంచిని విప్పి, మూడు నాలుగు దినాలుగా తాకని వస్తువులను ఏరి, తపాలా ద్వారా ఇంటికి పంపివేస్తాడు. లేదా ఇతరులకు విడిచిపెడతాడు. గంథాలు వేయి చదివినా కలగని వివేకం మూడు దినాల నడకతో కలుగుతుంది. అవసరానికీ కోరికకూ గల భేదాన్ని భుజాలు తూచి చెబుతాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: తగ్గించవలసినది వస్తువులనే గాని నీటిని కాదు. లీటరు నీటి బరువు కిలోగ్రాము. ఆ కిలోగ్రామును మోయడానికే మిగిలిన కిలోగ్రాములను విడిచిపెట్టాలి.

ఈ నీతి సిజర్స్ క్రాసింగ్ వద్ద పరీక్షకు వస్తుంది. రెండు రహదారులు కలిసే ఈ స్థలం ఆంజా-బొరేగో ఎడారి అంచున ఉన్నది. ఇక్కడి నుండి బారెల్ స్ప్రింగ్స్ వరకు గల సుమారు 38 కిలోమీటర్ల దూరంలో నమ్మదగిన సహజ జలాధారం లేదు. బాట శాన్ ఫెలిపె కొండల వాలుల మీదుగా, ముళ్ల జెముడు జాతుల నడుమ వంపులు తిరుగుతూ సాగుతుంది. ఈ మార్గమధ్యంలో స్వచ్ఛంద సేవకులు నీటి సీసాలు మోసుకొని వచ్చి నిల్వ ఉంచుతారు. తెలుగుదేశపు వేసవిలో దారిపక్కన వెలిసే చలివేంద్రాలతో వీటిని పోల్చవచ్చు. పేరు తెలియని బాటసారి దప్పిక తీర్చడం కోసం, ప్రతిఫలాపేక్ష లేకుండా శ్రమించే ఈ దాతల ఔదార్యం ఎంత ప్రశంసించినా తక్కువే.

అయితే దానాన్ని స్వీకరించడం వేరు. దానం మీద ఆధారపడి లెక్కలు వేయడం వేరు. ముందున నీరు ఉంటుందన్న ధీమాతో ఒకటి రెండు లీటర్లతో బయలుదేరిన వానికి ఆ సీసాలన్నీ ఖాళీగా కనిపిస్తే దిక్కేమిటి? కాలిబాట నిర్వహణలో పాలుపంచుకునే పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్ అసోసియేషన్ ఇటువంటి నిల్వలను నమ్ముకొని బయలుదేరవద్దని పాదచారులను హెచ్చరిస్తున్నది. ఈ హెచ్చరిక అన్ని విధాలా సమంజసం. తనకు కావలసిన నీటిని తాను మోసుకొని వచ్చినవాడు ఆ చలివేంద్రం వద్ద ఒక గుక్క తాగి కృతజ్ఞత చెబుతాడు. మోయనివాడు తన వెనుక వచ్చేవాని భాగాన్ని కూడా తాగుతాడు. అజాగ్రత్త ఇక్కడ స్వార్థంగా పరిణమిస్తుంది.

కొందరు దీనికి ఒక ఆక్షేపణ చెబుతారు. ఇన్ని జాగ్రత్తలు, ఇన్ని లెక్కలు ఉంటే అది సాహసయాత్ర ఎట్లవుతుంది? అపాయం లేనిచోట ఆనందమేమున్నది? అని వారి ప్రశ్న. ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. అనిశ్చితి లేని యాత్రకు జనం వెళ్లరు. అపాయాన్ని ఎదుర్కొనే స్వభావమే మానవుని సముద్రాలు దాటించింది. కాని తెలిసి ఎదుర్కొన్న అపాయానికీ, తెలియక తెచ్చుకున్న అపాయానికీ చాలా అంతరమున్నది. మొదటిది ధైర్యం, రెండవది అవివేకం. పైగా ఎడారిలో కూలిపోయిన మనిషి కోసం రక్షకదళాలు బయలుదేరుతాయి, హెలికాప్టర్లు ఎగురుతాయి. కాపాడ వచ్చిన వారు కూడా అదే ఎండలో, అవే కొండలలో తమ ప్రాణాలను పణం పెడతారు. కనుక ఒంటరి యాత్రికుని సాహసం కూడా అతని సొంత విషయం కాదు. ఒకడు చేసిన తొందరకు పదిమంది మూల్యం చెల్లించే సాహసాన్ని సాహసమనడం భాషకు అపచారం.

అనుమతి పత్రాల విషయంలోనూ ఇట్టి ఆక్షేపణే వినిపిస్తుంది. 500 మైళ్లు, అంతకు మించిన దూరం నడవదలచిన వారికి ప్రత్యేకమైన అనుమతి పత్రం ఉన్నది. మెక్సికో సరిహద్దు ప్రాంతం నుండి ఉత్తరానికి బయలుదేరే వారికి దినానికి 50 మందికి మించకుండా వీటిని ఇస్తారు. ప్రకృతిలో నడవడానికి కూడా వరుసలో నిలవాలా? అని కొందరు విసుగుకొంటారు. కాని ఒక చిన్న ఊటకూ, కొద్దిపాటి విడిది స్థలానికీ ఒకే దినాన వందలాది మంది చేరితే మిగిలేది ప్రకృతి కాదు, సంత. అందరి స్వేచ్ఛను కాపాడే నియమం స్వేచ్ఛకు శత్రువు కాదు. గట్టు లేని చెరువులో నీరెట్లు నిలవదో, నియమం లేని స్వేచ్ఛ కూడా అట్లే నిలవదు.

ఎడారిని ‘జయించడం’ అనే మాట కూడా పునరాలోచనకు అర్హమైనదే. ఈ బాట ఏర్పడడానికి ఎన్నో తరాల ముందే ఈ నేలమీద కుమెయాయ్ అనే ఆదివాసులు జీవించారు. ఋతువును బట్టి కొండకూ ఎడారికీ నడుమ వారు సంచరించేవారు. సింధూర వృక్షాల గింజలను దంచడానికి బండలలో వారు చేసుకున్న రోళ్లు ఈ కొండ ప్రాంతాలలో నేటికీ కనిపిస్తాయి. ఎండ మండే కాలంలో మండే చోట ఉండకపోవడమే వారి వివేకం. మార్గంలో సుమారు 176 కిలోమీటర్ల వద్ద వచ్చే వార్నర్ స్ప్రింగ్స్ నేటి పాదచారులకు సేదదీరే స్థలం. అక్కడి వేడినీటి ఊటల చుట్టూ కుపా అనే గ్రామం ఉండేది. 1901లో అమెరికా అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు పర్యవసానంగా 1903లో అక్కడి కుపేన్యో ప్రజలను ఆ నేలనుండి వెళ్లగొట్టి, దూరాన ఉన్న పాలా ప్రాంతానికి తరలించారు. తాను కోరి నడిచే బాటను ఒకనాడు ఇతరులు కోరకుండా, కన్నీళ్లతో నడిచారని తెలిసిన యాత్రికుడు విజయగర్వంతో మాట్లాడలేడు. తాను ఒక పురాతనమైన ఇంటికి వచ్చిన అతిథినని గ్రహిస్తాడు.

తొలి దినాలలోనే యాత్రను విరమించే వారు కూడా ఉంటారు. వారిని చూసి నవ్వే వారూ ఉంటారు. బొబ్బలు పుండ్లయినా, తల తిరుగుతున్నా, ఇతరులేమనుకుంటారో అన్న సంకోచం చేత ముందుకే సాగేవాని కంటె, శరీరం చెప్పిన మాట విని వెనుదిరిగినవాడే ఉత్తముడు. కొండ అక్కడే ఉంటుంది. బాట అక్కడే ఉంటుంది. మరుసటి వసంతమూ వస్తుంది. ప్రాణం పోయిన తరువాత చేసే విచారణ గతజల సేతుబంధనమే.

నేడు ఉన్నత విద్యకై అమెరికాకు వెళ్లే తెలుగు యువతీ యువకులు సెలవు దినాలలో ఇటువంటి కొండబాటలను, ఎడారులను దర్శించడం పరిపాటి అయినది. వారంతా దీర్ఘ పాదయాత్రికులు కాకపోవచ్చు. ఒక పూట నడకకే వెళ్లవచ్చు. అయినా ఎండకు ఒక పూట అన్న భేదం లేదు. ఎంత నీరు తీసుకొని వెళ్తున్నారు, ఏ వేళకు తిరిగి వస్తారు, ఎక్కడికి వెళ్తున్నట్లు ఎవరికి చెప్పారు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లేనిదే గడప దాటకుండా ఉండడం వారు తమ తల్లిదండ్రులకు చేయగల గొప్ప ఉపకారం.

విద్యలోనైనా, వృత్తిలోనైనా, జీవితంలోనైనా తొలి దినాలు ఇటువంటివే. ఆరంభంలోని ఉత్సాహం దూరాన్ని చూస్తుంది. అనుభవం అడుగును చూస్తుంది. బారెల్ స్ప్రింగ్స్ వద్ద చెట్ల నీడన, ఊటనీటితో సీసా నింపుకొంటున్న పాదచారి అప్పటికి నడిచినది సుమారు 163 కిలోమీటర్లు మాత్రమే; ఇంకా నాలుగు వేల కిలోమీటర్లకు పైగా మిగిలి ఉన్నది. అయినా అతడు కాంపో వద్ద బయలుదేరిన మనిషి కాడు. ఎంత నీరు కావాలో, ఎంత బరువు చాలునో, ఏ వేళ నడవాలో, ఏ వేళ ఆగాలో అతనికి తెలిసింది. ప్రవరుని పాదలేపం మంచుకు కరిగిపోయింది. పాదాలు స్వయంగా నేర్చుకున్న విద్య మంచుకూ కరగదు, ఎండకూ ఎండదు.